పాత ట్యాంకు దూరదర్శిని: ఏది ఏదో గుర్తుపట్టడం ఎలా?

పిల్లలూ! యుద్ధ ట్యాంకు అనగానే మనకు ముందుగా గుర్తొచ్చేవి పొడవాటి ఫిరంగి, చక్రాల చుట్టూ తిరిగే ఇనుప పట్టాలు. కానీ లోపల కూర్చున్న సైనికుడికి బయట ఏముందో కనిపించకపోతే ఆ రెండూ ఉండీ దండగే. అతని చుట్టూ మందపాటి ఉక్కు గోడలే గాని కిటికీలు ఉండవు. బయటి ప్రపంచం అతనికి కనిపించేది కొన్ని గాజు ముక్కల గుండా మాత్రమే. ఈ పాఠంలో మనం ఆ గాజు ముక్కల గురించే తెలుసుకుందాం. పాత ట్యాంకుల దూరదర్శినులు చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి. నల్లటి గొట్టం, ఒక చివర పెద్ద కటకం, ఇంకో చివర కన్ను ఆనించే రబ్బరు తొడుగు. అయినా వాటిలో ఏది ఏ దేశానిదో, ఏ ఫిరంగికి చెందినదో, ఏ కాలానిదో చెప్పవచ్చు. అందుకు నాలుగు మెట్లు ఉన్నాయి.

ట్యాంకుకు ఎన్ని రకాల కళ్లు?

మొదటిది పెరిస్కోపు. రెండు అద్దాలను గాని, రెండు పట్టకాలను గాని ఒకదానిపై ఒకటి ఏటవాలుగా అమర్చితే తల బయట పెట్టకుండానే పైనున్నది చూడవచ్చు. ఇది మనం సైన్సు పుస్తకంలో చదువుకున్నదే. పోలండుకు చెందిన రుడాల్ఫ్ గుండ్లాక్ అనే ఇంజనీరు, కూర్చున్న చోటు నుంచి కదలకుండానే వెనక వైపు కూడా చూడగలిగే ట్యాంకు పెరిస్కోపును తయారుచేసి 1936లో పేటెంటు తీసుకున్నాడు. ఆ తర్వాత బ్రిటన్, అమెరికా కూడా అదే పద్ధతిని అనుసరించాయి. పెరిస్కోపుల్లో పెద్దన్నను చూడాలంటే విశాఖపట్నం వెళ్లాలి. 1969 నుంచి 2001 వరకు మన నౌకాదళంలో పనిచేసిన జలాంతర్గామి కుర్సురా 2002 నుంచి అక్కడి రామకృష్ణా బీచ్‌లో మ్యూజియంగా ఉంది.

రెండోది గురి చూసే దూరదర్శిని. ఇది ఫిరంగి పక్కనే, ఫిరంగితో కలిసి కదిలేలా ఉంటుంది. గన్నర్ దీనిలోంచి చూసే గురిపెడతాడు. మన పాఠానికి ముఖ్యమైనది ఇదే.

మూడోది దూరమాపకం. లక్ష్యం ఎంత దూరంలో ఉందో కొలిచే పరికరం ఇది. మన రెండు కళ్లకూ మధ్య ఎడం ఉండబట్టే దగ్గరి వస్తువేదో, దూరపు వస్తువేదో మనకు తెలుస్తుంది. ఆ ఎడాన్ని ట్యాంకు పైభాగం వెడల్పంతా సాగదీస్తే దూరాన్ని ఇంకా బాగా కొలవవచ్చు. అమెరికా తయారుచేసిన ప్యాటన్ ట్యాంకులకు రెండు వైపులా చెవుల్లా ఉబ్బెత్తుగా కనిపించేవి ఈ దూరమాపకం కొనలే.

గుర్తుపట్టడం ఎందుకు?

దూరదర్శిని ఏదైనా దూరపు వస్తువును దగ్గరగానే చూపిస్తుంది కదా, ఒకదాని బదులు ఇంకొకటి పెడితే ఏమవుతుంది? ఇక్కడే అసలు సంగతి ఉంది.

ఫిరంగి గుండు తిన్నగా పోదు. మనం విసిరిన బంతిలాగే వంపు తిరిగి కిందికి దిగుతుంది. ఎంత దూరానికి ఎంత దిగుతుందో గుండు బరువును బట్టి, వేగాన్ని బట్టి మారుతుంది. అందుకని దూరదర్శిని లోపల ఒక చిన్న గాజు బిళ్ల మీద సన్నని గీతలు చెక్కుతారు. ఫలానా దూరానికి ఫలానా గీత లక్ష్యం మీద ఉంచాలి అని అవి చెబుతాయి. వీటిని గురిగీతలు అందాం. ఒక ఫిరంగి కోసం చెక్కిన గురిగీతలు ఇంకో ఫిరంగికి తప్పుదారి చూపుతాయి. కటకం ఎంత శుభ్రంగా ఉన్నా, బొమ్మ ఎంత స్పష్టంగా కనిపించినా గుండు మాత్రం వేరే చోట పడుతుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా చేసిన షెర్మన్ ట్యాంకును ఉదాహరణగా తీసుకుందాం. దానిలో ఎం70ఎఫ్ అనే దూరదర్శిని 3 రెట్లు పెద్దదిగా చూపేది. 76 మిల్లీమీటర్ల ఫిరంగి ఉన్న షెర్మన్‌కు ఇచ్చిన ఎం71డి 5 రెట్లు పెద్దదిగా చూపేది. సంఖ్య చివర ఉన్న ఎఫ్, డి అనే అక్షరాలు అలంకారానికి కావు. ఒకే కుటుంబంలో గురిగీతలు, బిగింపు మారినప్పుడల్లా కొత్త అక్షరం చేరేది. అంటే ఆ చివరి అక్షరాన్ని వదిలేసి చదివితే సగం పేరే చదివినట్టు.

ఈ షెర్మన్లు మనకు పరాయివి కావు. హైదరాబాదు నిజాం కాలంలో మూలాలున్న దక్కన్ హార్స్ దళం 1965 సెప్టెంబరులో పంజాబులోని అసల్ ఉత్తర్ దగ్గర షెర్మన్ ట్యాంకులతోనే పోరాడింది. ఎదురుగా వచ్చినవి వాటికంటే కొత్తవైన ప్యాటన్లు. ప్యాటన్‌లోని దూరమాపకం గొప్ప పరికరమే. కానీ రెండు కళ్లతో లోతును అంచనా కట్టి దాన్ని సరిగ్గా వాడాలంటే చాలా శిక్షణ కావాలి. అక్కడ మన విజయానికి కారణాలు అనేకం. నీటితో నిండి బురదగా మారిన పొలాలు, చెరకు తోటల్లో మాటు వేసిన మన దళాలు, సైనికుల ధైర్యం వాటిలో ముఖ్యమైనవి. గాజు ఎంత మంచిదైనా దాన్ని వాడటం వచ్చిన కన్ను వెనక ఉండాలని కూడా ఆ యుద్ధం చూపించింది.

మొదటి మెట్టు: బయటి నుంచి రంధ్రాలు లెక్కపెట్టడం

దూరదర్శిని చేతిలో లేకపోయినా ఫర్వాలేదు, ట్యాంకు ఫొటో ఉంటే చాలు. ఫిరంగి మొదట్లో ఉన్న ఉక్కు కవచంలో దూరదర్శిని కోసం చిన్న రంధ్రం ఉంటుంది. జర్మనీ వారి పాంథర్ ట్యాంకు మొదటి రకంలో ఈ రంధ్రాలు పక్కపక్కనే రెండు ఉండేవి. ఎందుకంటే దాని దూరదర్శిని, టీజడ్‌ఎఫ్ 12, రెండు కళ్లతో చూసేది. తర్వాత ఒంటి కన్నుతో చూసే టీజడ్‌ఎఫ్ 12ఏ వచ్చింది. రంధ్రాలు రెండు పోయి ఒకటయింది. అదే జర్మనీ వారి టైగర్ ట్యాంకులోనూ 1944లో రెండు రంధ్రాలు పోయి ఒకటే మిగిలింది. ఒంటికంటి దూరదర్శినికి కటకాలు, పట్టకాలు తక్కువ పడతాయి. తయారీ తేలిక. అంటే ఫొటోలో ఒక రంధ్రం ఉందా, రెండున్నాయా అని చూస్తే చాలు, ఆ ట్యాంకు ముందుదో తర్వాతదో చెప్పవచ్చు.

షెర్మన్‌లోనూ ఇలాంటి తేడా ఉంది. మొదటి షెర్మన్లలో గురి చూసేందుకు పెరిస్కోపులో ఇమిడ్చిన చిన్న దూరదర్శిని ఒక్కటే ఉండేది. తర్వాతి వాటిలో ఫిరంగి పక్కన నేరుగా చూసే దూరదర్శిని కూడా చేర్చారు. అప్పుడు కవచాన్ని వెడల్పు చేసి, దానిలో రంధ్రం పెట్టారు.

రెండో మెట్టు: ఒంటి మీది రాతలు చదవడం

మన ఇళ్లలో బదిలీలకు వాడే నల్ల ట్రంకు పెట్టెను చూడండి. దాని మీద నాన్నగారి పేరో, అమ్మగారి పేరో, పాత ఊరి చిరునామా, దాన్ని కొట్టేసి రాసిన కొత్త ఊరి చిరునామా ఉంటాయి. సైన్యం సామాను కూడా అంతే. తిరిగిన చోట్లన్నీ దాని ఒంటి మీదే రాసి ఉంటాయి.

బ్రిటిష్ వారి సామాను మీద మూడు గీతల బాణం గుర్తు ఉంటుంది. అది ప్రభుత్వ ఆస్తి అని అర్థం. ఆ బాణం చుట్టూ ‘సి’ అక్షరం ఉంటే కెనడాది. బాణానికి రెండు వైపులా ‘డి’ అక్షరాలుంటే ఆస్ట్రేలియాది. రెండు బాణాలు మొనలు తాకేలా ఎదురెదురుగా ఉంటే ఆ వస్తువును సైన్యం అమ్మేసిందని అర్థం. ఒక రకంగా అది దాని టీసీ! ‘ఓ.ఎస్.’ అనే అక్షరాల తర్వాతి సంఖ్య ఆ నమూనాకు సైన్యం జాబితాలో ఉన్న సంఖ్య. దానితో పాటు కనిపించే మరో సంఖ్య ఆ ఒక్క పరికరానికే చెందిన క్రమసంఖ్య. మన తరగతి వేరు, రోల్ నంబరు వేరు కదా, అలాగన్నమాట. ‘మార్క్ 1’, ‘మార్క్ 2’ అనేవి పెద్ద మార్పులకు గుర్తులు. పక్కన నక్షత్రం ఉంటే చిన్న మార్పు జరిగిందని అర్థం.

జర్మనీ వారు 1940ల్లో కర్మాగారం పేరు రాయడం మానేసి మూడు చిన్న అక్షరాల సంకేతం వాడారు. ఎక్కడ తయారవుతోందో శత్రువుకు తెలియకూడదని వారి ఉద్దేశం. ‘బి-ఎల్-సి’ అంటే యేనా నగరంలోని కార్ల్ జైస్. ‘బి-ఈ-హెచ్’ అంటే వెట్స్‌లార్‌లోని లైట్జ్. ‘సి-ఎక్స్-ఎన్’ అంటే రాథెనోలోని ఎమిల్ బుష్.

జపాను వారి లెక్క మన అండమాన్ వాసులకు ఆసక్తి కలిగిస్తుంది. 1942 మార్చి 23 నుంచి 1945 అక్టోబరు వరకు ఈ దీవులు జపాను సైన్యం చేతిలో ఉన్నాయి. వారు కట్టిన బంకర్లు కార్బిన్స్ కోవ్ దారిలో ఇప్పటికీ కనిపిస్తాయి. జపాను వస్తువుల మీద సంవత్సరం తరచు వారి చక్రవర్తి పాలన లెక్కలో ఉంటుంది. షోవా పాలనలో మొదటి ఏడాది 1926. కాబట్టి షోవా 17 అని ఉంటే 1925కు 17 కలపాలి. 1942 వస్తుంది. నమూనా పేర్లకు వారు ఇంకో లెక్క వాడారు. వారి దేశ పురాణ కాలం నుంచి వచ్చే ఆ లెక్కలో 1940వ సంవత్సరం 2600 అవుతుంది. ‘95 రకం’ ట్యాంకు అంటే 2595, అంటే 1935 నాటి నమూనా. ఒకే వస్తువు మీద ‘95’, ‘17’ అని రెండూ ఉంటే కంగారు పడనక్కర లేదు. మొదటిది నమూనా పుట్టిన ఏడాది, రెండోది ఆ వస్తువు తయారైన ఏడాది.

మన దేశపు పరికరాలకూ ఇలాంటి చరిత్ర ఉంది. కృష్ణా జిల్లా మచిలీపట్నంలో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ ఉండేది. 1983లో దాన్ని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ తీసుకుంది. మన సైన్యానికి చీకట్లో చూసే పరికరాలు అక్కడ తయారయ్యాయి. కాబట్టి పాత ప్రయోగశాలలో ఆంధ్రా సైంటిఫిక్ అనే పలకతో ఏదైనా పరికరం కనిపిస్తే అది 1983కు ముందుదని ఊహించవచ్చు. డెహ్రాడూన్‌లో 1943లో మొదలైన ఆయుధ కర్మాగారం మన ట్యాంకులకు గురి పరికరాలు చేస్తుంది. 2021 అక్టోబరు 1 నుంచి అది ఇండియా ఆప్టెల్ అనే కొత్త సంస్థ కిందికి వచ్చింది. ఊరు మారలేదు, పని మారలేదు, పేరు మారింది. వందేళ్ల తర్వాత ఈ తేదీయే ఒక ఆధారం అవుతుంది.

మూడో మెట్టు: గురిగీతలు చూడటం

దూరదర్శిని లోపలికి చూస్తే గీతలు కనిపిస్తాయి. జర్మనీ వాటిలో నడుమ ఒక పెద్ద త్రిభుజం, రెండు పక్కలా చిన్న త్రిభుజాలు ఉంటాయి. రష్యా వాటిలో ఒక్కో రకం గుండుకు ఒక్కో నిలువు కొలబద్ద ఉంటుంది. బ్రిటిష్ వాటిలో దూరం గజాల్లో ఉంటుంది. 1000 గజాలంటే 914 మీటర్లే. గజాలను మీటర్లనుకుంటే 86 మీటర్ల తేడా వస్తుంది!

కోణాలను కొలవడానికి సైన్యాలు డిగ్రీల బదులు ‘మిల్’ అనే ప్రమాణం వాడతాయి. 1000 మీటర్ల దూరంలో 1 మీటరు వెడల్పున్న వస్తువు సుమారు 1 మిల్ కోణంలో కనిపిస్తుంది. 3 మీటర్ల వెడల్పున్న ట్యాంకు 4 మిల్లుల్లో ఇమిడితే, 3ని 4తో భాగించి 1000తో గుణించండి. అది 750 మీటర్ల దూరంలో ఉంది. అయితే పూర్తి వృత్తాన్ని జర్మనీ, అమెరికా సైన్యాలు 6400 భాగాలు చేశాయి. రష్యా 6000 భాగాలు చేసింది. గురిగీతల మీద ఇంత చిన్న తేడా కంటికి ఆనదు. కానీ ట్యాంకు పైభాగం ఎంత తిరిగిందో చూపే వలయం మీద వృత్తంలో నాలుగో వంతు దగ్గర 1600 ఉందా, 1500 ఉందా చూస్తే చాలు.

నాలుగో మెట్టు: గాజును పరీక్షించడం

ఒక దూరదర్శిని వస్తువును ఎన్ని రెట్లు పెద్దదిగా చూపుతుందో అది ఆవర్ధనం. ఎంత మేర కనిపిస్తుందో అది దృష్టి క్షేత్రం. ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది. రష్యా టీ-34 ట్యాంకులో వాడిన టీఎస్‌హెచ్-16కు ఆవర్ధనం 4, దృష్టి క్షేత్రం 16 డిగ్రీలు. టీ-54లోని టీఎస్‌హెచ్2-22ను రెండు విధాలుగా వాడవచ్చు. 3.5 రెట్లు పెట్టుకుంటే 18 డిగ్రీలు, 7 రెట్లు పెట్టుకుంటే 9 డిగ్రీలు. ఈ జతలను గుణించి చూడండి: 64, 63, 63! అక్షి కటకం ఒకేసారి చూపగలిగేది అంతే కాబట్టి లబ్ధం దాదాపు మారదు. పలక మీద రాసిన అంకెలు ఈ లెక్కకు బాగా దూరంగా ఉంటే, వాటిని మళ్లీ చూసుకోవాలి.

ఇంకో పరీక్షకు టార్చి లైటు చాలు. కటకం మీద దీపం ప్రతిబింబం ఏ రంగులో ఉందో చూడండి. తెల్లగా ఉంటే గాజు మీద పూత లేదు. నీలంగానో ఊదాగానో ఉంటే పూత ఉంది. ఈ పూతను 1935లో జైస్ సంస్థలో స్మకుల అనే శాస్త్రవేత్త రూపొందించాడు. పూత లేని ఒక్కో గాజు తలం సుమారు 4 శాతం కాంతిని వెనక్కి పంపేస్తుంది. పది తలాలుంటే చివరికి కంటికి చేరేది సుమారు 66 శాతమే. పూతతో ఆ నష్టం బాగా తగ్గుతుంది. సంధ్యవేళ శత్రువు కనిపించడానికి, కనిపించకపోవడానికి మధ్య తేడా ఈ పూతే కావచ్చు.

కానీ జాగ్రత్త! పాత గొట్టంలో కొత్త కటకం పెట్టి ఉండవచ్చు. అందుకే ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పకూడదు. రంధ్రాలు, రాతలు, గీతలు, గాజు నాలుగూ ఒకే మాట చెప్పినప్పుడే నమ్మాలి. ఒకటి వేరే మాట చెబితే ఆ వస్తువు మధ్యలో మరమ్మతుకు వెళ్లిందో, ఎవరైనా రెండింటి భాగాలు కలిపారో అని వెతకాలి.

తుష్నాబాద్ గాలిలో శత్రువు

దూరదర్శినికి ఫిరంగి గుండు ఒక్కటే శత్రువు కాదు. మన తుష్నాబాద్‌లో వానాకాలంలో చెప్పులకు, పుస్తకాలకు బూజు పట్టడం అందరికీ తెలిసిందే. దక్షిణ అండమాన్‌లో ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఈ తేమలో బూజు గాజు మీద కూడా పెరుగుతుంది. సాలెగూడులా పాకి, తన ఆమ్లాలతో గాజును కొరికి మచ్చలు చేస్తుంది. తర్వాత బూజు తుడిచినా ఆ మచ్చలు పోవు. రెండో ప్రపంచ యుద్ధంలో న్యూగినీ వంటి ఉష్ణమండల దీవుల్లో సైన్యాలకు ఇది పెద్ద తలనొప్పి అయింది. ఆ తర్వాతి పరికరాల్లో గాలి చొరబడని రబ్బరు వలయాలు, తేమను పీల్చే సిలికా జెల్ గుళికలు కనిపించడానికి ఇలాంటి అనుభవాలే కారణం. ఇంట్లో కెమెరా గాని, బైనాక్యులర్ గాని ఉంటే మూతబిగువు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పాటు పెట్టండి. తోలు సంచిలో మూసి అలమరాలో ఉంచితే బూజుకు విందు పెట్టినట్టే.

నాలుగు జాగ్రత్తలు తప్పక గుర్తుంచుకోవాలి.

1. పాత పరికరాన్ని తళతళలాడించాలని ఇసుక కాగితంతో రుద్దకూడదు, రంగు వేయకూడదు. పోయేది మురికి ఒక్కటే కాదు, ముద్రలు, క్రమసంఖ్య కూడా పోతాయి. ఆ తర్వాత అది ఎవరిదో ఎవరూ చెప్పలేరు.

2. మరలు విప్పకూడదు. కొన్ని పాత పరికరాల్లో చీకట్లో వెలిగేందుకు రేడియం కలిపిన రంగు వాడారు. దాని పొడి ఒంట్లోకి వెళ్తే ప్రమాదం.

3. అడవిలోనో, ఒడ్డునో యుద్ధకాలపు ఇనుప వస్తువు కనిపిస్తే ముట్టుకోవద్దు. అది దూరదర్శినా, పేలని గుండా అన్నది తేల్చడం మన పని కాదు. దూరంగా జరిగి పెద్దలకు, పోలీసులకు చెప్పండి.

4. ఇప్పుడు సైన్యం వాడుతున్న పరికరాల వివరాలు అడగడం, ఫొటోలు తీయడం చేయకూడదు. మనలో చాలామంది ఇళ్లలో అమ్మో, నాన్నో దేశ రక్షణ సేవల్లో ఉన్నారు. మ్యూజియంలో ఉన్నదే మన పాఠం.

చేసి చూద్దాం

ఒక బైనాక్యులర్ తీసుకుని చేయి చాచి వెలుతురు వైపు పట్టుకోండి. సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ వద్దు. అక్షి కటకంలో ఒక చిన్న వెలుగు బిళ్ల కనిపిస్తుంది. దాని వ్యాసాన్ని స్కేలుతో కొలవండి. వస్తు కటకం వ్యాసాన్ని ఈ కొలతతో భాగిస్తే ఆవర్ధనం వస్తుంది. వస్తు కటకం 50 మిల్లీమీటర్లు, వెలుగు బిళ్ల సుమారు 7 మిల్లీమీటర్లు ఉంటే ఆవర్ధనం సుమారు 7. ఒంటి మీది అంకె చెరిగిపోయిన దూరదర్శిని శక్తిని కూడా ఇలాగే కనిపెట్టవచ్చు.

ఆలోచించి జవాబు రాయండి

1. ఒక జపాను దూరదర్శిని మీద ‘షోవా 18’ అని ఉంది. అది ఏ సంవత్సరంలో తయారైంది? అప్పుడు మన దీవులు ఎవరి ఆధీనంలో ఉన్నాయి?

2. ఒక దూరదర్శిని ఆవర్ధనం 8, దృష్టి క్షేత్రం 20 డిగ్రీలు అని ఎవరో రాశారు. పై పాఠంలోని మూడు జతలతో పోల్చి, అది నమ్మదగినదో కాదో చెప్పండి.

3. గొట్టం మీది ముద్ర 1938 అని చెబుతోంది. కటకం మాత్రం ఊదారంగులో మెరుస్తోంది. దీనికి ఎన్ని కారణాలు ఉండవచ్చు?

4. మీ ఇంట్లో అనేక బదిలీలు చూసిన ఒక పాత వస్తువును ఎంచుకోండి. దాని మీద ఉన్న పేర్లు, అంకెలు, దెబ్బలు, అతుకులు అన్నీ రాసుకోండి. పెద్దలను అడగకుండా, వాటి ఆధారంగా అది తిరిగిన ఊళ్ల వరస రాయండి. తర్వాత ఇంట్లో చూపించి, ఎంతవరకు సరిపోయిందో చూసుకోండి.